కొండెక్కిన క్రిస్మస్ దీపాలు

బోడికొండ కింద పాలెంలో బుర్ర ఉన్నవాళ్ళెవరని అడిగితే ఒకే ఇంట్లోంచి జవాబొస్తుంది. "మేమే!" అంటారు. నమ్మకపోతే రేషను కార్డు తెచ్చి చూపిస్తారు. అందులో అచ్చక్షరాల్లో ఉంటుంది: బుర్రా జ్ఞానప్రకాశం, బుర్రా దీవెనమ్మ, బుర్రా పరంజ్యోతి. సర్కారే ఒప్పుకుని ముద్ర వేసిన తెలివి. ఇక దాన్ని వాడి చూపించాల్సిన పనేముంది? వాళ్ళు ఎన్నడూ వాడలేదు.

తండ్రి, తల్లి, కొడుకు. వీళ్ళు కాక దీవెనమ్మ తమ్ముడు యోబు ఉన్నాడు. అక్కను చూసి పోదామని వచ్చి, చూశాక పోవడం మర్చిపోయినవాడు. వాడి ఇంటిపేరు వేరు. అయినా "బుర్రావారి కూడు తింటున్నాను, కాస్తయినా ఒంటికి పట్టదా?" అంటాడు. పట్టింది. బాగానే పట్టింది.

ఆ ఇంట్లో ఏ నిర్ణయమైనా ఏకగ్రీవమే. ఒకరు తప్పు మాట అంటే మిగతా ముగ్గురూ "అవునవును" అంటారు. సందేహం లేదు, ప్రశ్న లేదు, ఎదురుమాట లేదు. ఆలోచన ఏ ఒక్కరి సొత్తూ కాదని లోకంలో అంటుంటారు. ఆ ఇంట్లో అది నిజంగానే ఎవరి సొత్తూ కాదు.

ఆ యేడు క్రిస్మస్ ముందు పాలెం ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. గుడిలో, అంటే పాలెం చర్చిలో, లైట్లు లేవు. సరిగ్గా అప్పుడే గుడిలో సంఘపెద్ద కుర్చీ ఖాళీ అయింది. ఆ కుర్చీ సంగతి చెప్పాలి. గుడిలో అందరూ చాపల మీద కూర్చుంటారు. సంఘపెద్ద ఒక్కడికే ముందు వరసలో చేతుల కుర్చీ. మెత్త కూడా ఉంటుంది. దేవుడి ముందు అందరూ సమానమేనని చాపల మీదున్నవాళ్ళకి చెప్పేది ఆ మెత్త మీదనుంచే. పాత పెద్ద మకాం మార్చి కూతురి ఊరు వెళ్ళిపోయాడు. కుర్చీ మిగిలింది. జ్ఞానప్రకాశం నిద్రలో కూడా ఆ మెత్త నొక్కి చూసుకుంటున్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు తిమోతి అయ్యగారు లేచి చెప్పారు. "క్రిస్మస్ సాయంత్రం గుడిలో వెలుగు ఎవరు చూస్తారు? కొవ్వొత్తులు సంఘం ఇస్తుంది. వాటిని నిలబెట్టే స్టాండ్లు మాత్రం కొనలేం. ఎవరైనా ఇంట్లోనే చేసి తేవాలి."

జ్ఞానప్రకాశం చాప మీంచి ఎగిరి నిలబడ్డాడు. "బుర్ర పెట్టి చేసే పని కదండీ అయ్యగారూ. బుర్రావారే చెయ్యాలి. మరి ఆ కుర్చీ?"

అయ్యగారు మెత్తటి మనిషి. మెత్తటి మనుషుల వల్లే లోకానికి సగం నష్టం. "సరేనయ్యా" అన్నారు. "ఆరాధన అయ్యేదాకా గుడిలో వెలుగుంటే పెద్దరికం నీదే. లేదంటే లేదు."

అంతే. మర్నాడు పొద్దున్నే దీవెనమ్మ అమ్మగారి దగ్గరికి వెళ్ళింది. అయ్యగారి భార్యను పాలెంలో అమ్మగారంటారు. ఆవిడ దీవెనమ్మను వరండాలో కూర్చోబెట్టి, ఒక పాలపొడి డబ్బాతో స్టాండు చేసి చూపించి మరీ చెప్పింది.

"ఏమీ కొనొద్దు దీవెనమ్మా. ఇంట్లో పనికిరానివి ఉంటాయి కదా, అవే బయటికి తియ్యండి. పాత డబ్బాలు తీసుకుని మేకుతో చుట్టూ చిల్లులు పెట్టండి. వెలుగు చుక్కలు చుక్కలుగా గోడల మీద పడుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. లోపల ఇసుక పోసి కొవ్వొత్తి గుచ్చండి. పగిలిన గాజు గ్లాసులుంటే వాటిలోనూ పెట్టొచ్చు. పైన రంగు కాగితం చుట్టండి. ఇక గుడికి వచ్చేవాళ్ళకి తలకొకటి ఇస్తే సరి."

"తలకొకటి" అనుకుంటూ దీవెనమ్మ ఇంటిదారి పట్టింది. మర్చిపోతానేమోనని దారి పొడుగునా అదే మాట.

"ఏం కూర వదినా?" అని ఒకామె అడిగింది.

"తలకొకటి."

"మీ ఆయన ఒంట్లో బాగుందా?"

"తలకొకటి."

"తలనొప్పా?"

"తలకొకటి!" అని కసిరి ఇల్లు చేరింది.

ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. దీవెనమ్మ అమ్మగారి మాటలు పొల్లుపోకుండా అప్పజెప్పింది. గుర్తుపెట్టుకోవడంలో ఆ ఇంటికి సాటి లేదు. అర్థం చేసుకోవడం ఒక్కటే తక్కువ.

"ముందు పాత డబ్బా" అన్నాడు జ్ఞానప్రకాశం. "మనింట్లో అన్నిటికంటే పాతది ఏదే?"

"నూనె డబ్బా. మా అత్తగారి కాలం నాటిది."

"దాంట్లో నూనె ఉంది కదా నాన్నా" అన్నాడు పరంజ్యోతి.

"ఏవే, అమ్మగారు పాత డబ్బా అందా, ఖాళీ డబ్బా అందా?"

"పాత డబ్బా అంది."

"విన్నావుట్రా? పెద్దలు చెప్పినదానికి నీ సొంత పెత్తనం దేనికి? మేకు పట్టు."

ఇంకేముంది, మేకు దిగింది. పండగ పిండివంటల కోసం తెచ్చిన నూనె సన్నటి ధారగా బయటికొచ్చింది. పరంజ్యోతి చిల్లుకి వేలు అడ్డం పెట్టాడు. అమ్మగారు చుట్టూ అంది కాబట్టి జ్ఞానప్రకాశం రెండో చిల్లు పెట్టాడు. దీవెనమ్మ వేలు పెట్టింది. మూడో చిల్లుకి యోబు వేలు. నాలుగో చిల్లు పెట్టేసరికి వేలు పెట్టే మనిషి లేడు.

"బావా!" అని యోబు అరిచాడు. "ఇంకా ఎక్కువ చిల్లులు పెట్టు! నూనె అటూ ఇటూ సర్దుకుంటుంది. ఒక్కో చిల్లుకి ధార తగ్గుతుంది!"

"అవునవును" అన్నారు ముగ్గురూ.

ధార తగ్గింది. డబ్బాలో నూనె కూడా తగ్గింది. నేల మీద మాత్రం పెరిగింది. అందరూ జారి పడ్డారు, ఒకరిని లేపబోయి ఇంకొకరు మళ్ళీ పడ్డారు. అప్పుడు దీవెనమ్మకి మిగతా మాట గుర్తొచ్చింది. "ఇసుక పొయ్యమంది కదా!"

గంపెడు ఇసుక తెచ్చి పోశారు. ఇసుక నూనె పీల్చేసుకుంది. ధార ఆగింది.

"చూశారా?" అని దీవెనమ్మ చెంపలేసుకుంది. "నూనె కారుతుందని ఆవిడకి ముందే తెలుసు. అందుకే ఇసుక చెప్పింది. చదువుకున్న మనిషండీ!"

ఆ ఉత్సాహంతో పప్పు డబ్బా, బెల్లం డబ్బా, చింతపండు డబ్బా, ఇంట్లో పాతవన్నీ వరసపెట్టి పొడిచారు. దేంట్లో ఏముందో ఎవరూ చూడలేదు. అన్నిటి మీదా ఆ నూనె ఇసుకే కుమ్మరించారు. సాయంత్రానికి ఇంట్లో వండుకోవడానికి ఏమీ మిగల్లేదు. తినడానికి ఇసుక ఉంది. చీమలు మాత్రం పండగ చేసుకున్నాయి.

తర్వాత గ్లాసులు. అల్మరా అంతా వెతికారు.

"ఎంత దరిద్రం!" అని జ్ఞానప్రకాశం తల పట్టుకున్నాడు. "పగిలిన గ్లాసు ఒక్కటంటే ఒక్కటి లేదు. అన్నీ బాగానే ఉన్నాయి."

"ఏడవకండి. పగిలినవి లేకపోతే బాగున్నవాటిని పగలగొడదాం" అంది దీవెనమ్మ.

అంతే. ఇంట్లో గ్లాసులు అయిపోయాయి. చాలలేదు. పక్కింటి కరుణమ్మ దగ్గర "చుట్టాలొస్తున్నారు" అని చెప్పి గ్లాసులు అరువు తెచ్చారు. అవీ అయిపోయాయి.

"అమ్మా, ఆవిడ అడిగితే?" అన్నాడు పరంజ్యోతి.

"పగిలినవాటినే తిరిగిచ్చేద్దాం. ఆవిడకి మాత్రం క్రిస్మస్ లేదా? స్టాండ్లుగా పనికొస్తాయి."

చివరికి అసలు చిక్కు వచ్చింది. ఇంట్లో పనికిరానివి బయటికి తియ్యమంది అమ్మగారు. పనికిరానిది ఏమిటి? చీపురు పనికొస్తుంది. విరిగిన మంచం కోడి పడుకోవడానికి పనికొస్తుంది. నలుగురూ ఇల్లంతా తిరిగి చూశారు. చూసి చూసి ముగ్గురి చూపులూ అరుగు మీద నడుం వాల్చిన యోబు మీద ఆగాయి.

"మా తమ్ముణ్ణి అంతమాట అనకండి" అంది దీవెనమ్మ.

"నేనేమన్నానే? నోరే విప్పలేదు కదా."

"అనబోతున్నారు. నిజమే అయినా అనకండి."

యోబు లేచి కూర్చున్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాధతో కాదు, ఆనందంతో. "బావా! ఇన్నాళ్ళకి నేనొక పనికొస్తానా?"

అక్కడే పరంజ్యోతి బుర్ర గీక్కున్నాడు. "మావయ్య స్టాండుగా పనికొస్తే ఇక పనికిరానివాడు కాదు కదా నాన్నా. పనికిరానివాడు కాకపోతే స్టాండుగా పనికిరాడు."

మహా మహా తత్వవేత్తలు జుట్టు పీక్కునే ప్రశ్న అది. జ్ఞానప్రకాశం మీసం మెలేసి తేల్చేశాడు. "వెలిగించకముందు వీడు పనికిరాడు. వెలిగించాక పనికొస్తాడు."

"ఆరిపోయాక?"

"మళ్ళీ పనికిరాడు."

"అవునవును" అన్నారు అందరూ. యోబు అందరికంటే గట్టిగా అన్నాడు. తనను ఎందుకు వాడుకుంటున్నారో అడగకుండా వాడుకుంటే చాలని మురిసిపోయేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళ నెత్తిన ఏం వెలిగించినా నిలుస్తుంది.

క్రిస్మస్ సాయంత్రం పొద్దు వాలేసరికి బుర్రావారు స్టాండ్లన్నీ బండి మీద వేసుకుని గుడికి వచ్చారు. గోడల వెంట డబ్బాలు పేర్చారు, వాటికి ఎర్ర కాగితాలు, పచ్చ కాగితాలు చుట్టారు. గాజు పెంకులు గుమ్మంలో పరిచారు. జనం చెప్పులు విడిచి లోపలికి రాబోయి మళ్ళీ చెప్పులు వేసుకున్నారు. ఖాళీ కుర్చీ పక్కనే యోబును నిలబెట్టి, రెండు చేతుల్లో రెండు కొవ్వొత్తులు పెట్టి, మూడోదాన్ని కరిగిన మైనంతో నడినెత్తిన అతికించారు.

జ్ఞానప్రకాశం పోతూ పోతూ కుర్చీ మెత్త ఒకసారి నొక్కి చూసుకున్నాడు.

దీవెనమ్మ గుమ్మం దగ్గర వేడి మైనం గిన్నె పట్టుకుని నిలబడింది. ముందుగా వచ్చింది లాజరు తాత. పాలెంలో అందరికంటే పెద్దవాడు. తల నున్నగా ఉంటుంది.

"వంగు తాతా" అంది దీవెనమ్మ.

దీవెన అనుకుని తాత వంగాడు. నెత్తిన మైనం పడింది, దాని మీద కొవ్వొత్తి నిలబడింది.

"చచ్చాన్రో దేవుడో!" అని తాత పెట్టిన కేకకి కొండ మీద పిట్టలు లేచాయి. "ఏందే ఇది?"

"తలకొకటి తాతా. అమ్మగారు చెప్పింది."

"తలకొకటి అంటే మనిషికొకటే, తింగరిదానా!"

"మనిషికొకటి అనాలంటే మనిషికొకటి అనే అనేది కదా. ఆవిడకి తెలుగు రాదా?"

మిగతావాళ్ళు తలలు కాపాడుకుంటూ, కొవ్వొత్తులు చేత్తో లాక్కుని లోపలికి పోయారు.

దీపాలన్నీ వెలిగించారు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, గోడల నిండా వెలుగు చుక్కలు నిలిచాయి. పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. జ్ఞానప్రకాశం మెడ నిటారుగా అయింది. తర్వాత నూనె ఇసుక అంటుకుని, బెల్లం మాడి, చింతపండు చిటపటలాడి గుడి నిండా పొగ కమ్మేసింది. జనం దగ్గారు. తలుపులు, కిటికీలు బార్లా తెరిచారు.

అయ్యగారు దగ్గుతూనే అన్నారు. "అందరం తలలు వంచి ప్రార్థన చేద్దాం."

అందరూ తలలు వంచారు. యోబు కూడా వంచాడు. ఇంకేముంది, నెత్తిమీది కొవ్వొత్తి ఊడి నేరుగా అయ్యగారి కాళ్ళ మీద పడింది. ఆయన ఎగిరారు. అదే అదనుగా కొండ వైపునుంచి పెద్ద గాలి వీచింది. ఒక్క దెబ్బకి డబ్బాల్లో, గాజు పెంకుల్లో, చేతుల్లో ఉన్న దీపాలన్నీ ఆరిపోయాయి. గుడి చీకటైపోయింది.

చీకట్లోంచి లాజరు తాత గొంతు వినిపించింది. "ఇంకెక్కడి దీపాలు? అన్నీ కొండెక్కాయి!"

దీపం ఆరిపోయిందనే మాట అనకూడదని పెద్దవాళ్ళు అలా అంటారు. పసిపిల్లలకి కూడా తెలుసు. కానీ బుర్రావారి చెవిన మాట పడిందంటే ఇక దానికి దిక్కులేదు.

"కొండెక్కాయా?" అని జ్ఞానప్రకాశం గుండె బాదుకున్నాడు. "ఆరాధన అయ్యేదాకా వెలుగుండాలి! కుర్చీ పోతుంది! పదండ్రా, ఎక్కువ దూరం పోయుండవు!"

అంతే. నలుగురూ ఒక లాంతరు పట్టుకుని బోడికొండ ఎక్కారు. ప్రతి బండ కిందా చూశారు. ప్రతి తుప్పా కదిపారు.

"దీపమా! ఓ దీపమా!" అని దీవెనమ్మ పిలిచింది. "రావే తల్లీ! నిన్నేమీ అనంలే!"

"పేరు పెట్టి పిలవాలక్కా. ఉత్త దీపమా అంటే ఏ ఊరి దీపం పలుకుతుంది?" అన్నాడు యోబు.

"దానికి పేరెక్కడుందిరా?"

"అదే మన తప్పు. పేరు పెట్టకుండా వెలిగించాం."

మన దేశంలో చీకటిని తిట్టుకుంటూ కూర్చోవద్దు, చిన్న దీపం వెలిగించమని గోడల మీద రాస్తారు. ఆ మాట రాసేముందు ఎవరింటి గోడో చూసుకోవాలి. కొన్ని ఇళ్ళ మీద "దయచేసి చీకటిని తిట్టుకుంటూ కూర్చోండి" అని రాయడం లోకానికి మంచిది.

కొండ కొసకి చేరేసరికి మళ్ళీ గాలి వీచింది. చేతిలో లాంతరు ఆరిపోయింది.

"నాన్నా, ఇదీ కొండెక్కింది" అన్నాడు పరంజ్యోతి.

"ఎక్కడికెక్కుతుందిరా? మనం కొండ కొసనే ఉన్నాం కదా. పైన ఇంక కొండ లేదు."

నలుగురూ ఆలోచనలో పడ్డారు. బొత్తిగా అలవాటు లేని పని కావడంతో చెమటలు పట్టాయి. చివరికి యోబు చిటికె వేశాడు. "ఎక్కడానికి లేకపోతే దిగుంటుంది బావా!"

"అవునవును!"

ఇంకేముంది, పడుతూ లేస్తూ కొండ దిగారు. గుడి గుమ్మంలోకి వచ్చి చూస్తే లోపల దీపాలన్నీ నిలకడగా వెలుగుతున్నాయి. వాళ్ళటు వెళ్ళగానే అమ్మగారు కిటికీలు మూయించి, మంచి ఇసుక పోయించి, ఒక్క అగ్గిపుల్లతో అన్నీ మళ్ళీ వెలిగించింది. పాటలు సాగుతున్నాయి. ఇంకొక్క పాటా, చివరి దీవెనా అయితే ఆరాధన ముగుస్తుంది. జ్ఞానప్రకాశం ఏమీ చెయ్యకుండా నిలబడితే చాలు, కుర్చీ వాడిదే.

ఏమీ చెయ్యకుండా నిలబడటం తెలివైనవాళ్ళు చేసే పని.

"చూశారా దొంగముండలు!" అని జ్ఞానప్రకాశం గుసగుసలాడాడు. "మనకంటే ముందే దిగొచ్చేశాయి. ఏం ఎరగనట్టు వెలుగుతున్నాయి. మళ్ళీ ఎక్కితే?"

"మన కోళ్ళు పారిపోకుండా ఏం చేస్తామండీ?" అంది దీవెనమ్మ.

అంతే. గుడి పక్క దొడ్లో కరుణమ్మ కోళ్ళని గంపల కింద మూసి ఉంచింది. గంపలన్నీ ఎత్తుకొచ్చారు. కోళ్ళు గోల చేస్తూ గుళ్ళోకి వచ్చాయి. జనం పాట ఆపి తిరిగి చూసేలోగా నలుగురూ నాలుగు పక్కలా పరిగెత్తి, వెలుగుతున్న దీపాల మీద గంపలు బోర్లించేశారు. అన్నిటికంటే పెద్ద దీపం పారిపోకుండా దాన్ని కుర్చీ కింద పెట్టి, పైన గంప కప్పి, ఆ కుర్చీలో యోబు కూర్చున్నాడు.

"ఇప్పుడెక్కండి చూద్దాం!" అన్నాడు.

దీపాలు ఎక్కలేదు. గంపలే అంటుకున్నాయి. ఎండు వెదురు కదా, భగ్గుమన్నాయి. యోబు పంచె అంటుకుంది. వాడు లేచి దూకాడు. మెత్త అంటుకుంది. కుర్చీ అంటుకుంది. ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని బయటికి పరిగెత్తారు. మగవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి కొట్టారు. సగం మంటల మీద, సగం యోబు మీద. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు, ఒక్క కుర్చీ తప్ప. ముందు వరసలో నాలుగు నల్లటి కోళ్ళు మిగిలాయి. అవి కుర్చీ కోళ్ళు. మిగతా కోళ్ళు కరుణమ్మ పట్టుకుపోయింది.

ఆ రోజునుంచి పాలెం గుడిలో అందరూ చాపల మీదే కూర్చుంటున్నారు. సమానత్వం గురించి అక్కడ దంచిన ఉపన్యాసాలు ఏవీ చేయలేని పని నలుగురు వెర్రివాళ్ళు ఒక సాయంత్రంలో చేశారు. పొరపాటునే చేశారు. అది వేరే సంగతి.

అయ్యగారు మెత్తటి మనిషి అన్నాను కదా. ఆయన కూడా ఆ సాయంత్రం గట్టిపడ్డారు. మసి మొహంతో, తడిసిన బట్టలతో జ్ఞానప్రకాశం ముందుకొచ్చి అరిచారు. "జ్ఞానప్రకాశం! ఇక నీ పెద్దరికం గంగలో కలిసిందయ్యా!"

జనమంతా వాడేమంటాడోనని చూశారు. ఏడుస్తాడేమో అనుకున్నారు. సిగ్గుపడతాడేమో అనుకున్నారు. కనీసం తల వంచుతాడేమో అనుకున్నారు. జ్ఞానప్రకాశం మీసం తుడుచుకుని, వినయంగా అడిగాడు.

"ఏ రేవు దగ్గరండీ అయ్యగారూ?"

లాజరు తాత నెత్తిమీది మైనం గోక్కుంటూ, "చాకిరేవు దగ్గరరా! పోండి, ఇక్కణ్ణుంచి పోండి!" అన్నాడు.

ఇంకేముంది, నలుగురూ ఎవరిదో చేపల వలా, మళ్ళీ వెలిగించిన లాంతరూ పట్టుకుని కాలవకి పరిగెత్తారు. చాకిరేవులో యోబు పీకల్లోతు దిగాడు.

"కనపడిందా?" అని గట్టు మీంచి జ్ఞానప్రకాశం అడిగాడు.

"చీకటిగా ఉంది బావా! నీళ్ళలో ఏం కనపడట్లేదు!"

"లాంతరు ముంచి చూడరా వెధవా!"

యోబు లాంతరు ముంచాడు. సుయ్యిమంది. అంతా చీకటి.

"బావా, ఇదీ కొండెక్కిందా?"

"కాదురా, ఇది గంగలో కలిసింది" అన్నాడు జ్ఞానప్రకాశం సంతోషంగా. "పెద్దరికం కూడా ఆ పక్కనే ఉంటుంది. తడిమి చూడు!"

"అవునవును" అని మిగతా ఇద్దరూ నీళ్ళలోకి దిగారు.